నవల రాశాను సరే... మరి అచ్చు?

సావనీరు సంపాదకవర్గం మిత్రులు నన్ను లైబ్రరీ మెట్ల దగ్గర పట్టుకొని, "నువ్వు నవలా రచయితవి గదా, ఏదైనా రాసివ్వు" అన్నారు. హాస్టల్లో నాకు స్థిరపడిపోయిన పేరే అది. మెస్సులో సాంబారు వడ్డించే అన్న కూడా "రచయితగారికి ఇంకో గరిటె" అంటూ వుంటాడు. వాళ్లకు తెలియనిదో, తెలిసీ మర్యాద కోసం అననిదో ఒక సంగతి వుంది. నేను నవల రాసిన మాట నిజం. అది ఇంతవరకు అచ్చుకాని మాట కూడా నిజం.

కాబట్టి నవల ఎలా రాయాలో చెప్పే అర్హత నాకు లేదు. రాయడం అయిపోయాక ఏమేం జరుగుతుందో మాత్రం రెండేళ్లుగా అనుభవిస్తున్నాను. మన కాలేజీలో రికార్డు పుస్తకాల అడుగున కథలూ నవలలూ దాచుకున్నవాళ్లు నేనొక్కణ్ణే కాదని నాకు తెలుసు. ఒకరిద్దరు రహస్యంగా చూపించారు కూడా. వాళ్లకు పనికొస్తాయని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. పెద్దలు, లెక్చరర్లు నా చనువును మన్నించాలి.

* * *

మాది విడవలూరు మండలంలో సముద్రానికి దగ్గరి పల్లె. తూర్పున బకింగ్‌హాం కాలువ, దాని అవతల ఇసక దిబ్బలు, సరుగుడు తోపులు, ఆపైన సముద్రం. పడమట కనిగిరి రిజర్వాయరు కింద ఆయకట్టు. మా కయ్యలు ఆ ఆయకట్టుకు చిట్టచివర వుంటాయి. పై వూళ్ల వాళ్లు తడుపుకొన్నాక మిగిలితే మాకు నీళ్లు. మూడెకరాలు సొంతం, రెండెకరాలు కౌలు. నాయన చదువు అయిదో తరగతి. మా ఇంట్లో పంచాంగం, పాసుపుస్తకం, నా పాఠ్యపుస్తకాలు తప్ప అచ్చు కాగితమనేది లేదు.

1990 దశకం మొదట్లో మా తీరంలో ఎక్కడ చూసినా వరి కయ్యల్ని తవ్వి రొయ్యల గుంటలు చేశారు. టైగర్ రొయ్య అంటే బంగారమన్నారు. 1994 ప్రాంతంలో తెల్లమచ్చ జబ్బు వచ్చి గుంటలకు గుంటలు తుడిచిపెట్టుకు పోయాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరంలోని రొయ్యల చెరువుల మీద తీర్పు చెప్పేనాటికే మా వూళ్లో కొందరి కథ ముగిసిపోయింది. ఇవన్నీ నేను పుట్టకముందు సంగతులు. అవ్వ నోట విన్నాను. మొదటి సంవత్సరం వేసవి సెలవుల్లో వాటినే నవలగా రాయడం మొదలుపెట్టాను. రెండొందల పేజీల నోటుపుస్తకాలు మూడు నిండాయి. "ఉప్పునీటి కయ్య" అని పేరు పెట్టుకున్నాను. చివరి పేజీలో "సమాప్తం" అని రాసి, కింద గీత గీసి, తేదీ వేసి సంతకం కూడా చేశాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పటికి సమాప్తమైంది మొదటి దుక్కి మాత్రమే.

ఆ నోటుపుస్తకాలు తీసుకెళ్లి మా తెలుగు లెక్చరరుగారి చేతిలో పెట్టాను. ఇరవై రోజులు పోయాక కబురు చేశారు. "బాగుందయ్యా. మొదటి నలభై పేజీలు తీసెయ్" అన్నారు. ఆ నలభై పేజీల్లోనే సూర్యోదయం, సముద్రం హోరు, సరుగుడు తోపుల ఈల అన్నీ వున్నాయి. "సార్, అవే బాగా వచ్చాయనుకున్నాను" అన్నాను గొంతు పెగల్చుకొని. "నీకు బాగా వచ్చాయి. కథకు అక్కర్లేదు. నలభై ఒకటో పేజీలో ఆ పెద్దాయన అప్పు కోసం నెల్లూరు బస్సెక్కాడు చూడు, నీ నవల అక్కడ మొదలైంది" అన్నారాయన. వారం రోజులు ఆయన ఎదురైతే వరండా మార్చి నడిచాను. ఎనిమిదో రోజు ఆ పేజీలు కొట్టేశాను.

తర్వాత అవ్వకు చదివి వినిపించాను. అవ్వకు అక్షరం రాదు. అరుగు మీద కూచొని, కళ్లు మూసుకొని వింటుంది. నిద్రపోయిందేమోనని ఆపితే, "చదవరా" అంటుంది. రెండుచోట్ల తనే ఆపింది. మొదటిది, మా తాత కాలం నాటి సన్నివేశం. ఎడగారులో మొలగొలుకుల నారు పోశారని రాశాను. "మొలగొలుకులు ఎడగారులో ఎవురు పోస్తారురా? ఆర్నెల్ల పంట అది. నీ కాలేజీలో ఇదే చెప్తారా?" అంది. సైన్సు విద్యార్థిని, రైతుబిడ్డని, అయినా సిగ్గుతో తల వంచుకున్నాను. ఆ తప్పు అట్లాగే అచ్చయివుంటే మా వూళ్లో ఒక్క రైతు కూడా రెండో పేజీ తిప్పడు.

రెండోచోటు ఇంకా కష్టమైంది. నవల్లో గుంటలు దెబ్బతిని, అప్పులవాళ్లకు మొహం చూపలేక, గట్టు మీదే ప్రాణం తీసుకున్న పెద్దాయన ఒకరున్నారు. ఆయన మాకు వరసకు పెదనాయన. పేరు మార్చాను, అంతే. మిగతాదంతా ఆయనే. అది వినగానే అవ్వ లేచి కూచుంది. "ఆ బిడ్డ ఈ వూళ్లోనే వుంది గదరా. నోటితో చెప్పుకొనేది గాలికి పోద్ది. అచ్చేస్తే యాడికి పోద్ది?" అంది.

ఆ బిడ్డంటే పెదనాయన కూతురు. ఇప్పుడు వూళ్లో చిల్లర కొట్టు నడుపుతోంది. నాకు అక్క అవుతుంది. ఆమె దగ్గరికి పోవడానికి నాకు నెలన్నర పట్టింది. చివరికి ఒక మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేనప్పుడు ఆ అధ్యాయం చదివి వినిపించాను. మధ్యలో ఎవరో కందిపప్పుకు వస్తే తూచి ఇచ్చి, చిల్లర లెక్కపెట్టి, మళ్లీ వచ్చి కూచుంది. అంతా అయ్యాక ఆమె ఏడవలేదు, నన్ను తిట్టలేదు. "మా నాయన తాగతాడని రాసినావే. ఆయన యేనాడూ తాగలేదురా. అప్పుకే పోయినాడు" అంది.

నిజానికి ఆ తాగుడు నేను కల్పించింది. కథలో మనిషి చావుకు ఏదో కారణం బలంగా వుండాలని అనుకొని పెట్టాను. ఆ రాత్రి ఆ వాక్యాలన్నీ వెతికి తీసేశాను. పదకొండు చోట్ల వున్నాయి. తీసేశాక చూస్తే ఆ చావుకు సాకు లేకుండా పోయింది. అప్పు, జబ్బు పడ్డ గుంట, వడ్డీ, ఇవే మిగిలాయి. నవలకు కావలసింది కూడా అదే అని అప్పుడు తెలిసింది. "మిగతాది వుండనీ" అని అక్క అనుమతి ఇచ్చింది. ఆమె వద్దని వుంటే ఏం చేసేవాణ్ణో నాకు తెలియదు.

* * *

సరే, పంపేదెక్కడికి? మన పెద్దల చరిత్ర కాస్త తిరగేశాను. మొదటి తెలుగు నవల ఏదన్న వాదం వుంది. 1872లో నరహరి గోపాలకృష్ణమ సెట్టి "శ్రీరంగరాజ చరిత్ర" వచ్చింది. కందుకూరి వీరేశలింగం "రాజశేఖర చరిత్రము" 1878లో ఆయన సొంత పత్రిక వివేకవర్ధనిలో వరసగా వెలువడి, 1880లో పుస్తకమైంది. అంటే రచయిత, సంపాదకుడు, ప్రచురణకర్త అన్నీ ఆయనే. ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో రాసిన "మాలపల్లి" 1922లో అచ్చయ్యాక మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీలో విశ్వనాథ "వేయిపడగలు", అడివి బాపిరాజు "నారాయణరావు" బహుమతిని పంచుకున్నాయి. అంతటి నవలలకే బహుమతి సగం సగం వచ్చిందని చదివి నాకు కొంచెం ధైర్యం కలిగింది.

తర్వాతి తరానికి పత్రికలే తలుపులు తెరిచాయి. యద్దనపూడి సులోచనారాణి "సెక్రటరీ" జ్యోతి మాసపత్రికలోనూ, యండమూరి "తులసిదళం" ఆంధ్రభూమి వారపత్రికలోనూ సీరియల్స్‌గా వచ్చాకే పుస్తకాలయ్యాయి. వారం వారం పాఠకులు ఉత్తరాలు రాసేవాళ్లట. కొత్త రచయితకు డబ్బు, పేరు, పాఠకుడు ఒకే దారిలో దొరికేవి. ఇప్పుడు ఆ వారపత్రికల్లో చాలావాటికి తలుపులు మూసేశారు. మిగిలిన దారులు పోటీలు, చిన్న ప్రచురణ సంస్థలు, లేకపోతే సొంత ఖర్చు. పోటీల్ని చిన్నచూపు చూడవద్దు. మన నెల్లూరులో స్థిరపడిన చంద్రలతగారి "రేగడి విత్తులు" 1997లో తానా నవలల పోటీలో బహుమతి పొందింది. అది రైతుల కథ. కడప జిల్లా సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిగారి "కొండపొలం" 2019లో అదే తానా పోటీలో గెలిచి, 2021లో సినిమా కూడా అయింది. అది గొర్రెల కాపరుల కథ. మన పల్లె బతుకుల్ని ఎవరు చదువుతారులే అనుకొనేవాళ్లు ఈ రెండింటినీ గుర్తుపెట్టుకోవాలి.

నా నవల మూడుచోట్లకు పంపాను. రెండుచోట్ల నుంచి "ప్రస్తుతం తీసుకోలేకపోతున్నాం" అని వచ్చింది. మూడోచోటు నుంచి ఏమీ రాలేదు. ఆ నెల నేను ప్రాక్టికల్స్‌లో బొద్దింకను కోస్తూ కూడా ఫోను చూసుకొనేవాణ్ణి. అప్పుడే ఆర్.కె. నారాయణ్ సంగతి చదివాను. "స్వామి అండ్ ఫ్రెండ్స్" రాతప్రతిని ఇంగ్లండులో ప్రచురణకర్తలు వరసగా తిప్పి పంపుతుంటే, విసిగిపోయి, ఆక్స్‌ఫర్డులో చదువుతున్న మిత్రుడికి "దానికి రాయి కట్టి థేమ్స్ నదిలో పడెయ్" అని రాశాడట. ఆ మిత్రుడు పడెయ్యలేదు. గ్రాహం గ్రీన్ అనే రచయితకు చూపించాడు. 1935లో పుస్తకం వచ్చింది. తిరస్కారం వస్తే కుంగిపోవద్దని అందరూ చెప్తారు. నాకు ఆ కథలో నచ్చింది వేరు. చెప్పిన మాట వినని స్నేహితుడు ఒకడు వుండాలి.

ఇంకొకటి, చినువా అచేబె సంగతి. నైజీరియా నుంచి ఆయన తన "థింగ్స్ ఫాల్ అపార్ట్" చేతిరాత ప్రతిని టైపు చేయించడానికి లండనుకు పోస్టులో పంపాడు. రెండో ప్రతి లేదు. డబ్బు తీసుకొన్న టైపింగు సంస్థ నెలల తరబడి పలకలేదు. ఆయనతో రేడియోలో పనిచేసే పై అధికారిణి లండను వెళ్లినప్పుడు స్వయంగా వెళ్లి అడిగితేనే అది కదిలింది. 1958లో వచ్చిన ఆ నవల ప్రపంచమంతా తిరిగింది. ఇది చదివిన రోజే నా నవలను ఫోనులో, స్నేహితుడి లాప్‌టాప్‌లో, ఈమెయిల్‌లో మూడుచోట్ల దాచాను. నోటుపుస్తకాలు అవ్వ ట్రంకుపెట్టెలో పట్టుచీర కింద వున్నాయి.

* * *

నవల్లోంచి ఒక అధ్యాయాన్ని కథగా మార్చి పంపితే, ఒక పత్రిక వేసుకుంది. దాని పేరు ఇక్కడ అక్కర్లేదు. వాళ్లు వేసుకోవడమే నాకు గొప్ప. కాని ప్రూఫు చూస్తారా అని వాళ్లు అడగలేదు, చూస్తానని నేనూ అడగలేదు. నేను ఫోనులో యూనికోడ్‌లో కొట్టి పంపాను. మన డి.టి.పి. సెంటర్లలో చాలాచోట్ల ఇంకా అను ఫాంట్స్ నడుస్తున్నాయి. ఒకదాంట్లోంచి ఇంకొకదాంట్లోకి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి. అది సరే. ఎవరో నా భాషను కూడా సరిదిద్దారు. మాకు కయ్య అంటే మడి. "తెల్లారకముందే తాత కయ్యకు దిగాడు" అని నేను రాశాను. "తెల్లారకముందే తాత కయ్యానికి దిగాడు" అని అచ్చయింది.

పత్రిక మా వూరికి చేరిన రోజు నుంచి నెల రోజులు మా ఇంటి ముందు పోయే ప్రతివాడూ, "ఏం అబ్బయా, మీ తాత పొద్దన్నే ఎవురితో కయ్యానికి దిగినాడు?" అని అడిగాడు. నవ్వాను గాని, తప్పు నాది కూడా. ప్రూఫు అడిగి చూడడం రచయిత పని. మన మాటలు బయటివాళ్లకు కొత్తగా వుంటాయని తెలిసినప్పుడు, "ఈ మాటలు మార్చవద్దు" అని వాటి పట్టిక ఒకటి ముందే జతచేయాలి. కావలి మనిషి మహమ్మద్ ఖదీర్‌బాబుగారి "దర్గామిట్ట కథలు" మన నెల్లూరు మాటలోనే వుండి తెలుగువాళ్లందరి చేతా చదివించాయి. మాట మనదైతే పాఠకుడు అందుకుంటాడు. మధ్యలో అచ్చుతప్పు నిలబడకుండా చూసుకోవాలి.

* * *

ఇక అసలు విషయానికి వస్తాను. రెండో సంవత్సరంలో, వరికోతల రోజుల్లో, ఒక నగరం నుంచి ఫోను వచ్చింది. నవల పంపిన రెండోరోజే! "అద్భుతం, మీరు తప్పక రావలసిన రచయిత" అన్నాడాయన. "ఏ భాగం నచ్చింది సార్?" అని అడిగాను ఆశగా. "మొత్తం ఫీల్ బాగుందండీ" అన్నాడు. అప్పుడే నాకు తట్టాల్సింది. తట్టలేదు. పొగడ్త వింటున్నప్పుడు మనిషికి చెవులే పనిచేస్తాయి కాబోలు.

రెండు రోజుల్లో కాగితాలు వచ్చాయి. డెమ్మీ సైజు, పదహారు పేజీల ఫారాలు పదమూడు, మొత్తం 208 పేజీలు. 500 కాపీలు. నేను కట్టవలసింది 48,000 రూపాయలు. అందులో ఐ.ఎస్.బి.ఎన్. నంబరుకు 3,000, కాపీరైటు రిజిస్ట్రేషనుకు 5,000. వెనక ఆరు పేజీల ఇంగ్లీషు ఒప్పందం.

ఆ రోజు కల్లంలో వడ్లు ఎండబోసి వున్నాయి. నాయన పలుగు గొర్రుతో తిరగదోస్తున్నాడు. మాకు వడ్లు పుట్టి లెక్కన అమ్ముతారు. పుట్టి అంటే 850 కిలోలు. 2024-25లో సాధారణ రకానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. ఆ ధరే దక్కిందనుకున్నా పుట్టికి 19,550. దక్కడం మాత్రం వేరే కథ. తేమ అనీ, తాలు అనీ తరుగు తీస్తారు. అంటే నా పుస్తకం ఖరీదు దగ్గర దగ్గర రెండున్నర పుట్ల వడ్లు. నాయన ఒక్క మాట కూడా అనకుండా, "ఎన్నాళ్లలో కట్టాలి?" అని అడిగాడు.

ఆ మాటతో నాకు గొంతు ఆరిపోయింది. కల్లంలోనే కూచొని ఒప్పందాన్ని వాక్యం వాక్యం తెలుగులో చెప్పాను. అచ్చు ఖర్చు రచయితది. హక్కులన్నీ, అనువాదం, సినిమా, ఆడియోతో సహా, ప్రపంచమంతటా, శాశ్వతంగా ప్రచురణకర్తవి. అమ్మకం మీద వాళ్లకు చేరినదాంట్లో రచయితకు పది శాతం. ఇరవై కాపీలు ఉచితం. అంతకుమించి కావాలంటే రచయిత డబ్బిచ్చి కొనుక్కోవాలి.

నాయన గొర్రు పక్కన పెట్టాడు. "వుండబ్బయా. పండించింది మనం. కోతకూలి మనం. కాటాకూలి మనం. మళ్లా మన వడ్లు మనమే కొనుక్కోవాల్నా?"

నేను మాట్లాడలేదు. కాసేపాగి ఆయనే అన్నాడు: "నీకు కావాలంటే ఇస్తా. కాని కాటా కాడ నోరు మెదపకుండా ఇంటికొచ్చి ఏడిస్తే ఏం లాభం? ఆ కాగితం చదువుకున్నోళ్లకి చూపించు."

హాస్టల్లో మా పై గదిలో న్యాయశాస్త్రం చదివే అన్న వున్నాడు. ఆయన 1957 కాపీరైటు చట్టం తెరిచి 19వ సెక్షన్ చూపించాడు. నాకు అర్థమైనంతవరకు ఇక్కడ రాస్తాను. రాసిన మరుక్షణం నుంచి హక్కు రచయితదే. రిజిస్టరు చేస్తేనే హక్కు అనేది అపోహ. రచయిత బతికినంతకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఆ హక్కు నిలుస్తుంది. దాన్ని వేరొకరికి ఇవ్వాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఇవ్వాలి. నోటిమాట చెల్లదు. ఎంతకాలానికి ఇచ్చామో రాయకపోతే అయిదేళ్లకే ఇచ్చినట్లు లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే. తీసుకున్నవాళ్లు ఏడాదిలోగా ఆ హక్కు వాడుకోకపోతే, కాగితంలో వేరే విధంగా రాసి వుంటే తప్ప, అది తిరిగి రచయితకు వస్తుంది. "కాని చట్టం నిన్ను కాపాడేది కాగితం మౌనంగా వున్నచోట. దీంట్లో 'శాశ్వతంగా' అని రాసుంది. సంతకం పెట్టాక చట్టాన్ని అడిగి ప్రయోజనం తక్కువ" అన్నాడు అన్న.

మిగతా సంగతులు కూడా తేలాయి. ఐ.ఎస్.బి.ఎన్. నంబరును కేంద్ర విద్యాశాఖ కింద వున్న రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ ఉచితంగా ఇస్తుంది. రచయిత సొంతంగా దరఖాస్తు చేసుకోవచ్చు. కాపీరైటు రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. చేసుకున్నా సాహిత్య రచనకు ప్రభుత్వ రుసుము 500 రూపాయలు.

ఇద్దరం కూచొని లెక్క వేశాం. పుస్తకం ధర 200. పుస్తకాల షాపులకు నలభై శాతం పోతే చేరేది 120. అందులో నాకు పది శాతం, అంటే 12 రూపాయలు. అయిదొందల కాపీలూ అమ్ముడైనా నాకు వచ్చేది ఆరు వేలు. కట్టిన 48,000 తిరిగి రావాలంటే 4,000 కాపీలు అమ్మాలి. అచ్చేసేది 500! డిగ్రీలో మూడేళ్లు లెక్కలు, స్టాటిస్టిక్స్ అని తిరిగే స్నేహితులున్న నేను, ఈ కూడికా తీసివేతా ముందే ఎందుకు వేసుకోలేదు? పుస్తకం మీద నా పేరు వుంటుంది గదా అన్న ఒక్క ఆశ నా లెక్కలన్నీ మింగేసింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. సొంత డబ్బుతో పుస్తకం వేసుకోవడం తప్పని నేననడం లేదు. కందుకూరి కాలం నుంచీ తెలుగులో ఎందరో అట్లా వేసుకున్నారు. నేరుగా ప్రెస్సుకు వెళ్లి, కాగితం, బైండింగు ఖర్చు కట్టి, కాపీలన్నీ ఇంటికి తెచ్చుకుంటే హక్కు మనదే, అమ్మకమూ మనదే, నష్టమూ మనదే. అది సొంత సేద్యం. డబ్బూ మనదే, హక్కూ పోవడం మాత్రం సేద్యం కాదు. ఇవ్వదలచుకుంటే తెలుగులో ముద్రణకు, ఇన్నేళ్లకు, ఇన్ని కాపీలకు అని విడివిడిగా రాసి ఇవ్వాలి. సినిమా, అనువాదం హక్కులు మన దగ్గరే వుంచుకోవాలి. ఏడాదికొకసారి అమ్మకాల లెక్క చూపాలని రాయించుకోవాలి. అడిగితే కోపం తెచ్చుకొనే ప్రచురణకర్త దగ్గర మన పుస్తకం సుఖపడదు.

సంతకం పెట్టలేనని నేను ఫోను చేశాను. "మీ ఇష్టం. మీలాంటివాళ్లు చాలామంది వున్నారు" అని పెట్టేశాడాయన. రెండు రోజుల ముందు అద్భుతమన్న నోరే అది. నాయనకు చెప్తే, "సరేలే. ఎడగారుకు ఎరువు కొందాం" అన్నాడు.

* * *

ఆ తర్వాత నవలను మూడోసారి తిరగరాశాను. అరవై పేజీలు తగ్గింది. ఇప్పుడు అది డబ్బడగని ఒక చిన్న సంస్థ దగ్గర వుంది. "చదవడానికి ఆరు నెలలు పడుతుంది, ఒప్పుకుంటే పంపండి" అని ముందే రాశారు. ఆ మాటే నాకు నచ్చింది. అయిదు నెలలు గడిచాయి. వాళ్లు వద్దనవచ్చు కూడా.

మా అవ్వకు మాత్రం ఈ లెక్కలేవీ పట్టవు. సెలవులకు ఇంటికి పోతే, "అచ్చయిందా?" అని అడుగుతుంది. ఇంకా లేదంటే, "ఆ మొలగొలుకుల కాడ సరిచేసినావా?" అంటుంది. సరిచేశానంటే, "అయితే పర్లా" అని వక్క నోట్లో వేసుకుంటుంది. కొట్టు అక్క ఒకసారి, "నేను చదవలేను గాని, మా అమ్మాయి తొమ్మిదిలో వుంది, దానిచేత చదివించుకుంటా. వచ్చినప్పుడు ఒకటి నాకు తెచ్చియ్యి. డబ్బులిస్తాలే" అంది. నాకు ఇంతవరకు వచ్చిన ఆర్డరు అదొక్కటే.

మిత్రులారా, మీ నోటుపుస్తకాలు బయటికి తియ్యండి. ముందు మీ వూళ్లోవాళ్లకు చదివి వినిపించండి. ఆ తర్వాత మీ లెక్చరరుకివ్వండి. కాగితమేదైనా వస్తే సంతకానికి ముందు పై గది అన్నకు చూపించండి. మా హాస్టలుకు వస్తే ఆయన్ని నేనే పరిచయం చేస్తాను.

ప్రచురణకర్త ఎవరైనా, పుస్తకం అచ్చయితే ఒక ప్రతి కలకత్తా జాతీయ గ్రంథాలయానికి పంపాలని 1954 నాటి చట్టం వుంది. అది వాళ్లు పంపుతారు. మన కాలేజీ లైబ్రరీకి మాత్రం నేనే తెచ్చి ఇస్తాను. అప్పటికి నేను ఇక్కడ వుండకపోవచ్చు, ఏప్రిల్‌లో పరీక్షలు. అయినా వస్తాను. సంస్థవాళ్లు వద్దంటే నాలుగోసారి రాస్తాను. ప్రస్తుతానికి సెలవు.

— ఫైనలియర్ బి.యస్సీ. (జంతుశాస్త్రం) విద్యార్థి